కట్టిపడేసిన కథ

దేవుడు తెలివి పంచిన రోజున మా తాత తెల్లారగట్లే పోయి గంప నింపుకొచ్చాడని చెంగల్రాయుడు చెప్పుకునేవాడు. "ఊరికి మిగిలింది గంప దులిపిందే" అని తమ్ముళ్ళు మునెయ్య, గురవయ్య వంత పాడేవాళ్ళు.

చెంగల్రాయుడికి ఒక్కటే పిచ్చి, సినిమా తెర మీద తన పేరు పడాలి. పడుతుందని అత్తగారి ఊళ్ళో చాటేసుకున్నాడు కూడా. ఇక పడకపోతే ఆ ఊళ్ళో తలెత్తుకోలేడు పాపం!

కొత్త కథలు వెతుక్కుంటూ నిర్మాత రంగబాబు ఆ ఊరొచ్చాడు. ఆయన టైమ్ బాగాలేక వీళ్ళకే తగిలాడు.

"స్క్రీన్‌ప్లేకి తొందరపడకండి. ముందు కథ అనుకోండి. కుదిరితే తెర మీద మీ పేరే!" అనేసి వెళ్ళాడు.

ఇంకేముంది! ముగ్గురూ అరుగెక్కి అనుకోవడం మొదలెట్టారు. "కథ, కథ, కథ..." గొంతులు బొంగురుపోయాయి. రంగబాబు ఫోన్ చేస్తే, "అనుకుంటానే ఉండాం సార్, గొంతులు పోయినాయి" అన్నాడు చెంగల్రాయుడు.

అబ్బో, ఎంత చర్చో అని ఆయన మురిసిపోయాడు. "గట్టి లైన్ ఒకటి పట్టుకోండి. మధ్యలో ముడి పడాలి, చివరిదాకా విప్పకూడదు. మనిషిని కుర్చీకి కట్టిపడెయ్యాలి! రేపొస్తా."

"అన్నా, కరెంటు లైన్ పట్టుకుందామా?" అన్నాడు గురవయ్య.

"ఛీ, చస్తాం! బుర్రుందా? బావి తాడు పట్టుకుందాం, అదీ పొడుగ్గానే ఉంటుంది."

మర్నాడు రంగబాబు కుర్చీలో కూర్చుని "ఏదీ, కానివ్వండి" అన్నాడు. అంతే! చుట్టారు, బిగించారు, నడుమ్మీద ముడేశారు.

"ఒరేయ్, ముడి విప్పండ్రా!"

"అమ్మో, చివరిదాకా విప్పద్దని మీరే కదా సార్ అనింది!" అన్నాడు మునెయ్య.

"ఇదీ ఒక కథేనా? మీ కథ ఇక కంచికే!"

చెంగల్రాయుడికి ఆనందంతో కళ్ళనీళ్ళొచ్చాయి. "విన్నార్రా! మన కథ కంచి దాకా పోతా ఉంది!"

ఇంట్లో ఉన్న తెర దోమతెరొక్కటే. దాని మీద బొగ్గుతో పేరు రాసుకుని, రంగబాబు మీద నిండా కప్పి, కుర్చీతో సహా బస్సెక్కించాడు.

"లోపల ఎవరయ్యా, అట్లా కేకలేస్తా ఉండేది?" అన్నాడు కండక్టరు.

"కథ సార్. దానికి కంచికొక టిక్కెట్టు కొట్టండి. మేం ఇంటికి పోతాం."