మోటారు మీద మహారాజు గీసిన గీత

మా వీరగట్టు మహారాజు విజయభూపతి గారికి ఏ ముచ్చట పుట్టినా చివరికది నా ప్రాణం మీదికే వస్తుంది. నేను ఆ కొలువులో హాస్యగాణ్ణి, పేరు శంభులింగం. నా పని నవ్వించడం, తినడం. రెండోది బాగా చేస్తానని ఊళ్ళో మంచి పేరుంది.

ఆ యేడు మహారాజు గారికి ఉన్నట్టుండి తన మోటారుకారు మరీ వెలవెలబోతోందనిపించింది.

"నెమలికంఠం రంగు వేయించండి. లోపలా బయటా, ఇంజను చుట్టూ, వేలెడు చోటు కూడా వదలొద్దు!" అన్నారు.

మోటారుఖానా అధికారి గోవర్ధనరావు "చిత్తం" అన్నాడు. మీసానికి మైనం పెట్టి, అద్దంలో తనకి తనే నమస్కారం పెట్టుకునే రకం ఆయన. బోల్టులన్నీ ఊడదీయించి, వాటి కింద కూడా పూత మీద పూత వేయించి, మళ్ళీ బిగించాడు.

కారు అచ్చం నెమలిలా తయారైంది. నడక మాత్రం నత్తది. మీట నొక్కితే ఇంజను గురక పెడుతుంది. ఎలాగో లేచినా దగ్గి పడుకుంటుంది. దాని దీపాలకంటే మా ఇంటి ఆముదపు దీపమే నయం.

"పెట్రోలు కల్తీ ప్రభూ" అన్నాడు గోవర్ధనరావు. పెట్రోలు మార్చాక, "డ్రైవరు మస్తాన్ చెయ్యి మంచిది కాదు ప్రభూ" అన్నాడు.

అక్కడితో ఊరుకోవచ్చు గదా నేను? నోటిదురద!

"నెమలి నాట్యం చేస్తుందనుకున్నాం, పొదుగుతోంది!" అన్నాను నిండు కొలువులో.

అందరూ నవ్వారు, మహారాజు తప్ప.

"ఏమోయ్ శంభులింగం, అంత తెలిసినవాడివైతే నువ్వే బాగుచెయ్యి. రేపు పొరుగు జమీందారు గారి ముందు ఈ కారు కోటగుట్ట ఎక్కాలి. ఎక్కలేదా, తాడు కట్టి నీచేత లాగిస్తాను. ఇంకో మాట. నా రంగు మీద గీత గీసినవాడి ఉద్యోగం ఆ క్షణమే ఊడుతుంది!"

నాకు మేడమెట్లు ఎక్కితేనే ఆయాసం. ఇక మోటారు సంగతా? నాకు తెలిసిందల్లా ఎక్కి కూర్చోవడమే.

అయినా మోటారుఖానాకి వెళ్ళి, మహా తెలిసినవాడిలా ఇంజను మీదికి వంగి, "ఊఁ, నొక్కు" అన్నాను. మస్తాన్ మీట నొక్కాడు. నా చెయ్యి అక్కడి సన్నతీగ మీద ఆనింది.

"ఓరి నాయనో! ఇదేమిటయ్యా, పెనంలా కాలుతోంది?"

"అది చోకు తీగండీ. చేత్తో లాగడానికే. దాంట్లో కరెంటుకేం పని?" అన్నాడు మస్తాన్, వాడూ తెల్లబోయి.

వేళ్ళు ఊదుకుంటూ కూలబడ్డాను. పెళ్ళిపందిరికి పెద్దగుమ్మం మూసేస్తే జనమంతా వంటింటి సందులోంచి తోసుకుంటూ పోతారు. ఆ సందులో నాకున్న అనుభవం ఎవరికీ లేదు. ఈ కరెంటు కూడా అలాగే ఈ తీగ సందులో పడిందేమో!

"కరెంటు బ్యాటరీలోంచి ఇంజనుకి వెళ్తుంది, సరే. తిరిగొచ్చే దారేది?"

మస్తాన్ జడలా అల్లిన రాగిపట్టీ చూపించాడు. ఒక కొస ఇంజనుకి, రెండో కొస కారు చట్రానికి బిగించి ఉంది. "ఎర్తు పట్టీ అండీ. ఇంజను నిలబడింది రబ్బరు దిమ్మల మీద. కరెంటు తిరిగి బ్యాటరీకి చేరాలంటే ఈ పట్టీయే దారి."

పట్టీ రెండు కొసల కిందా నెమలికంఠం రంగు నిగనిగలాడుతోంది. రంగులోంచి కరెంటు పోదు గదా, పెద్దగుమ్మం మూసేశారన్నమాట!

పరుగున వెళ్ళి మహారాజుకి చెప్పాను.

"రంగుకీ ఈ రోగానికీ సంబంధమేమిటోయ్?" అని ఆయన విసుక్కున్నారు.

"ఓర్వలేనితనం ప్రభూ!" అన్నాడు గోవర్ధనరావు.

గీకితే ఉద్యోగం పోతుంది. గీకకపోతే గుట్ట మీదికి కారు లాగుతూ ప్రాణమే పోతుంది. నిజం చెప్పొద్దూ, భయంతో ఆ పూట అన్నం కూడా సయించలేదు.

తెల్లారింది. పొరుగు జమీందారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. గోవర్ధనరావు తాడు తెచ్చి, నా నడుముకి సరిపోతుందో లేదోనని కొలుస్తున్నాడు.

నేను మహారాజు కాళ్ళ మీద పడ్డాను. "ప్రభూ, ఘోరమైన లోపం జరిగింది! అంబారీ మీద, కత్తిపిడి మీద, చివరికి వంటింటి గంగాళం మీద కూడా తమ జంటచేపల ముద్ర ఉంది. ఈ కారు మీద లేదే! అతిథులేమనుకుంటారు?"

మహారాజు జమీందారుకేసి చూసి గొంతు సవరించుకున్నారు. "అవునుస్మీ. ఎవరినైనా పిలిచి చెక్కించండి."

"తమ రంగు మీద పరాయి చెయ్యా? ప్రభువులే స్వయంగా చెక్కాలి. పైన అందం చెడకుండా, ఇదిగో, ఈ పట్టీ ఈ కొస కింద ఒక చేప, ఆ కొస కింద ఒక చేప."

మస్తాన్ బోల్టులు విప్పాడు. మహారాజు బాకు దూసి మొదలుపెట్టారు. అసలే కళాభిమాని!

"తోక సరిగ్గా రాలేదు ప్రభూ. పొలుసులు ఇంకొంచెం లోతుగా..." అని నేను ఎగదోస్తూనే ఉన్నాను.

రంగు పెచ్చులు పెచ్చులుగా రాలి, ఇనుము తెల్లగా బయటపడింది. గోవర్ధనరావుకి అప్పటికి సంగతి అర్థమైంది. కానీ మహారాజుని గీకొద్దనడం ఎలా? పాపం, మీసం నములుకున్నాడు.

మస్తాన్ పట్టీ మళ్ళీ బిగించి మీట నొక్కాడు. ఇంజను ఒక్కసారిగా గర్జించింది! జమీందారు గారు కుర్చీలో ఎగిరిపడ్డారు. మహారాజు ఇంజనుకేసి చూశారు, చేతిలోని బాకు చూశారు, నన్ను చూశారు.

"ఒరేయ్ శంభులింగం! నా రంగు నాచేతే గీకించావా? గీసినవాడి ఉద్యోగం ఊడుతుందన్నాను, గుర్తుందా?"

"గుర్తుంది ప్రభూ. ఈ గీత గీసినవారి ఉద్యోగం ఊడబెరికే మొనగాడెవడో తమరే చూపించాలి!"

ముందు జమీందారు గారు పకపకా నవ్వారు. ఆ తరవాత మహారాజు కళ్ళనీళ్ళు తిరిగేలా నవ్వి, వేలి ఉంగరం తీసి నా చేతిలో పెట్టి, నన్ను కారులో తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. గోవర్ధనరావుని మాత్రం ఆ తాడు భుజాన వేసుకుని కారు వెనకాల గుట్ట మీదికి నడిచి రమ్మన్నారు.