పాత్రుడు గారి కారూ, నూనె అసిరమ్మా

ఆ కొండ మీదికి దారి వేసిన కొత్తలో, ఆ దారి మీద కారు అనేది కనబడ్డ కొత్తలో, అసిరమ్మ అని ఒకావిడ ఉండేది. ఎన్నాళ్ల కిందటో చెప్పేవాళ్లు లేరు. చెప్పేవాళ్లకి చెప్పినవాళ్లు కూడా ఇప్పుడు లేరు.

అసిరమ్మ నూనె అమ్ముకునేది. కొండ కింద గానుగ దగ్గర డబ్బా నింపించుకుని, నెత్తిన పెట్టుకుని, కొండెక్కి దిగి, అవతలి ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఆవిడకి ఉన్నవి ఒక డబ్బా, ఒక గరిటె, ఒక నోరు. ఆ నోటితో ఎవరినీ తిట్టేది కాదు. అడిగేది. ఆవు ఈనితే ఎందుకింత ఆలస్యంగా ఈనిందని అడిగేది. గోడ కూలితే ఎందుకు కూలిందని అడిగేది. జనం విసుక్కునేవారు.

కొండ కింది ఊరి పెద్ద గోపాలపాత్రుడు గారు. ఆ చుట్టుపక్కల కారున్నది ఆయన ఒక్కడికే. దసరాకి ఆ కారుకి పూజ చేశారు. చేశారంటే మామూలుగా కాదు. ముందూ వెనకా, పైనా కిందా గంధం మెత్తి, పసుపు రాసి, కుంకం అద్దారు. ఎక్కడా ఇనుము కనబడకుండా చేశారు.

మర్నాడు పొద్దున్నే పాత్రుడు గారి కూతురు సుభద్రకి నొప్పులొచ్చాయి. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. డాక్టరమ్మ కొండ అవతల పట్నంలో ఉంది. కూతుర్ని కారెక్కించి తండ్రి ఎక్కాడు. ప్రయాణానికి మంచి ఘడియ చూసిన సోమయాజులు గారు కూడా ఎక్కారు, ఘడియ మారితే చెప్పడానికి. డ్రైవరు దాలినాయుడు బండి కదిలించాడు.

కొండ మొదట్లో ఆ కారు అసిరమ్మని దాటిపోయింది. దుమ్మంతా ఆవిడ మొహాన కొట్టింది. అసిరమ్మ డబ్బా సర్దుకుంది, నడిచింది.

మొదటి మలుపు తిరిగేసరికి కారు ఆగి ఉంది. దాలినాయుడు ఇంజను మీది మూత ఎత్తి తల లోపల పెట్టాడు.

"ఏటైనాది బాబూ? ఎందుకాగింది?" అని అడిగింది అసిరమ్మ.

"ఎందుకో నీకు సెప్తే నడుస్తాదేటి? పో మామ్మా, పో!"

దాలినాయుడు ఒక గొట్టం ఊడదీసి బుగ్గలు పగిలేలా ఊదాడు. మళ్లీ బిగించాడు. హ్యాండిలు పెట్టి తిప్పాడు, తిప్పాడు, తిప్పాడు. చాలాసేపటికి కారు బుర్రుమంది.

"సూసేరా బాబుగారూ? నా దమ్ము!" అన్నాడు.

కారు అసిరమ్మని దాటిపోయింది. అసిరమ్మ డబ్బా సర్దుకుంది, నడిచింది.

రెండో మలుపు తిరిగేసరికి కారు మళ్లీ ఆగి ఉంది.

"ఏటైనాది బాబూ? ఎందుకాగింది?"

సోమయాజులు గారు ఆవిడ నెత్తి మీద డబ్బా చూసి ఉలిక్కిపడ్డారు. "అదిగో! నూనె డబ్బా! ఎదురొస్తే ఆగదూ మరి?"

"నాను ఎదురు రానేదు బాబూ. ఎనకాల నుంచి వస్తన్నాను."

"వెనకాల నుంచి ఎదురొచ్చావు. అది ఇంకా చెడ్డది. పక్కకి పో!"

ఆయన చక్రం దగ్గర కొబ్బరికాయ కొట్టి మంత్రం చదివారు. మంత్రం పొడుగ్గానే ఉంది. అది అయ్యేసరికి, హ్యాండిలు తిప్పితే కారు బుర్రుమంది.

"చూశారా? మంత్రం!" అన్నారు.

కారు దాటిపోయింది. అసిరమ్మ డబ్బా సర్దుకుంది, నడిచింది.

మూడో మలుపు కొండ నెత్తిన. అక్కడ ఇల్లు లేదు, నీడ లేదు. ఒక పక్క రాయి, ఒక పక్క లోయ. కారు అక్కడ ఆగింది. ఈసారి దాలినాయుడు ఊదాడు, కదల్లేదు. సోమయాజులు గారు మంత్రం చదవబోతే మధ్యలో మరిచిపోయారు. పాత్రుడు గారు దిగి చేతికర్రతో కారుని ఒకటి బాదారు, రెండు బాదారు, మూడోదానికి కర్ర విరిగింది.

లోపల సుభద్ర పళ్లు బిగబట్టి మూలుగుతోంది. చెమటకి మొహం కడిగినట్టుంది. అప్పుడే అక్కడికి చేరిన అసిరమ్మ అది చూసింది. తనకీ ఒక కాన్పు అయింది, ఇలాగే అడ్డం తిరిగిన బిడ్డ. ఆ రోజు కొండ దాటించేవాళ్లు దొరకలేదు.

ఈసారి ఆవిడ ఏమీ అడగలేదు. పక్కకి తప్పుకుని నిలబడింది.

సుభద్రే కిటికీలోంచి కేకేసింది. "నాన్నా, కొట్టడం ఆపండి! పంతులు గారూ, మీరూ ఆపండి! మామ్మా, నువ్వేదో అడుగుతున్నావు పొద్దున్నుంచీ. అడుగు!"

అసిరమ్మ డబ్బా దించింది.

"నాయనా, ఆగేటప్పుడు దీపం ఆరినట్టు టక్కున ఆగిందా, దగ్గి దగ్గి ఆగిందా?"

"దగ్గి దగ్గి," అన్నాడు దాలినాయుడు.

"అయితే దానికి ఆకలేస్తంది. తిండి అందనేదు."

"ట్యాంకు నిండా పెట్రోలుంది మామ్మా!"

"ఉంటాది. కాసేపు ఊరుకుంటే లేసింది కదా?"

దాలినాయుడు బుర్ర గోక్కున్నాడు. "లేసింది. నా దమ్ముకి..."

"నీ దమ్ముకి కాదు, బాబుగారి మంత్రానికీ కాదు. కాసేపటికి లేసింది. మరి నిన్న దీనికేటి సేసేరు?"

"ఏం చేస్తాం? పూజ చేశాం!" అన్నారు పాత్రుడు గారు కోపంగా.

అసిరమ్మ కారు చుట్టూ తిరిగింది. వెనక పెట్రోలు పోసే మూత దగ్గర ఆగింది. మూత మీద గంధం అంగుళం మందాన ఎండిపోయి ఉంది. నడిమధ్య రూపాయి బిళ్లంత కుంకం బొట్టు.

ఆవిడ తన డబ్బా తెచ్చి వంచింది. దాని మూతకి రెండు చిల్లులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నూనె ధారగా కారింది. చిన్న చిల్లు మీద బొటనవేలు పెట్టింది. ధార సన్నబడి, దగ్గి, ఆగిపోయింది. వేలు తీసింది. ధార కట్టింది.

"గాలి లోపలికి ఎల్తేనే నూనె బయటికొస్తాది. మీ మూతకీ సిల్లుంటాది సూడు నాయనా. బొట్టెట్టి ముక్కు మూసీసేరు."

దాలినాయుడు మూత తిప్పాడు. ఉస్సుమని ట్యాంకు ఇంత గాలి మింగింది. సోమయాజులు గారు రెండడుగులు వెనక్కి గెంతారు. అసిరమ్మ రాళ్ల మధ్య తుమ్మపొద నుంచి ముల్లు ఒకటి విరిచి మూత చిల్లులో గంధం పొడిచేసింది. హ్యాండిలు ఒక్కసారి తిప్పితే కారు బుర్రుమంది.

సుభద్ర తలుపు తీసింది. "మామ్మా, నువ్వెక్కు. నువ్వు లేకపోతే నేను వెళ్లను."

జాగా లేదు. అసిరమ్మ సుభద్ర పక్కనే ఇరుక్కుని కూర్చుని చెయ్యి పట్టుకుంది. నూనె డబ్బా సోమయాజులు గారి ఒళ్లో కూర్చుంది. కొండ దిగినంతసేపూ ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకునే ఉన్నారు, పంచె మీద ఒలకకుండా.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. 'క' అక్షరంతో పేరు పెట్టాలన్నారు సోమయాజులు గారు. సుభద్ర అసిరి అని పెట్టింది. అసిరమ్మ ఆ పిల్లని ఎత్తుకుని మొహంలోకి చూసి చూసి, "ఎందుకే ఏడుస్తన్నావు?" అని అడిగిందట. అడుగుతూ తనే ఏడ్చిందట.

తరవాత అసిరమ్మ ముసలిదై, ఒక వానాకాలంలో పోయింది. ఆవిడ బొమ్మ ఎవరూ పెట్టలేదు. పెడతానన్న పాత్రుడు గారు మాట మరిచారు. దాలినాయుడు మాత్రం మరవలేదు. ఏటా దసరాకి కారంతా బొట్లు పెట్టి, ఆ మూత ఒక్కటీ తుడిచి వదిలేసేవాడు. అతన్ని చూసి లారీవాళ్లు, లారీవాళ్లని చూసి బస్సులవాళ్లు అలాగే చేశారు. ఇప్పటికీ ఆ కొండ కింద ఏ బండికి పూజ చేసినా పెట్రోలు మూత మీద బొట్టు పెట్టరు. తెలియని కుర్రాడెవడైనా పెట్టబోతే, "అసిరమ్మ సూస్తంది, ముక్కు మూస్తావేట్రా!" అని చేతి మీద ఒకటి వేస్తారు.

ఇంకో మాట కూడా మిగిలింది. ఆ పక్క ఊళ్లలో ఏది ఉన్నట్టుండి ఆగిపోయినా, నీళ్ల మోటారు కానీ, పిండిమర కానీ, పెద్దవాళ్లు ముందు దాన్ని తాకరు. నడుం మీద చేతులు పెట్టుకుని, "నిన్న దీనికేటి సేసేరు?" అని అడుగుతారు. ఉన్నట్టుండి మాటలు మానేసిన పెళ్లాం గురించి మొగుడొచ్చి మొరపెట్టుకున్నా అదే అడుగుతారు. చాలామటుకు సమాధానం అక్కడే దొరుకుతుందట.