నూకరత్నం పడవలో జోగారావు

పేరమాంబ గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు చెప్పరు, ఏదో ఒక పని పురమాయిస్తారు. జలాశయం ఒడ్డున ఆవిడ ఆశ్రమానికి వెళ్ళొచ్చినవారందరికీ తెలిసిన సంగతే ఇది.

ఒకనాడు శిష్యుడు జోగారావు, "అమ్మా, జపానికి కూర్చోగానే మనసు అటూ ఇటూ ఊగుతోంది. గట్టిగా లాగుతాను. లాగినకొద్దీ ఇంకా ఊగుతోంది. ఏం చెయ్యను?" అని అడిగాడు. ఆవిడ అతణ్ణి ఎగాదిగా చూసి, "నువ్వెంత బరువుంటావు?" అన్నారు.

"తొంభై కిలోలమ్మా."

"అయితే రేవుకి వెళ్ళు. నూకరత్నానికి బరువు కావాలిట."

నూకరత్నం ఎవరంటారా? ఇరవై ఏళ్ళు ఆ రేవులో తెడ్డేసి జనాన్ని దాటించిన మనిషి. వంతెన కట్టాక ఆ పని పోయింది. ఇప్పుడు మునిగేవాళ్ళను కాపాడ్డానికని సర్కారువారి వేగపు పడవ ఒకటి వచ్చింది. బల్లపరుపుగా ఉంటుంది, వెనక ఏనుగు తలంత ఇంజను. ఇద్దరు మనుషులతో, పూర్తి వేగంలో, ఊగకుండా నడిపి చూపిస్తే ఉద్యోగం ఆమెది. లేదా, పట్నం నుంచి ఇంకొకర్ని తెస్తారు. పరీక్ష ఎల్లుండి.

నాటుపడవ అలవాటు కొద్దీ ఆమె లంగరూ, తాళ్ళూ, పెట్రోలు డబ్బా, జోగారావూ అన్నిటినీ ముందువైపే చేర్చింది. ముక్కు తేలిపోతే గాలి లాక్కుపోతుందని భయం. తీరా వేగం అందుకోగానే ముక్కు నీళ్ళలో గుచ్చుకుని పడవ పక్కకి లాగేసింది. జోగారావు నిలువునా తడిశాడు. "మీ సానం అయిపోయింది గదండి సాములూ, ఇంక ఎనక్కి రండి," అంది. బరువంతా వెనక్కి మార్చి, ఇంజను వాలుని మీటతో కొద్దికొద్దిగా పెంచింది. పడవ ముక్కెత్తి, తోక మీద పరుగెత్తింది.

అక్కడొచ్చింది చిక్కు. పూర్తి వేగంలో పడవ ఊగడం మొదలెట్టింది. ఎడమకి వాలితే ఆమె స్టీరింగు చక్రం కుడికి తిప్పేది. జోగారావు రామనామం పైకే అనుకుంటూ ఒళ్ళంతా కుడికి వాల్చేవాడు. ఊపు రెట్టింపయ్యేది. రెండు రోజులూ అదే వరస.

పరీక్షనాడు అధికారి ముందు తొలి పరుగులోనూ ఊగింది. "ఇంకొక్కసారి చూస్తాను, అంతే," అన్నాడాయన. నూకరత్నం ఇంజను ఆపి జోగారావు వైపు తిరిగింది.

"నేను తిప్పేలోపే అది తిరిగొచ్చేత్తందండి సాములూ. ఆలీసంగా ఎల్లి మనమే దాన్ని ఇంకా తోత్తన్నాం. ఈసారి ఒరిగినా సరే, మీరు కదలొద్దు. నేనూ తిప్పను."

రెండో పరుగులో పడవ వాలింది. జోగారావు పళ్ళు బిగించి కూర్చున్నాడు. ఆ కూర్చోవడం ఎంత కష్టమో, బాబూ, కూర్చున్నవాడికే తెలియాలి. ఆమె చక్రాన్ని నిలకడగా పట్టుకుని వేగం పిసరంత తగ్గించింది. పడవ ఒకసారి అటు, అంతకంటే తక్కువగా ఇటు ఒరిగి, సర్దుకుంది. అధికారి కాగితం మీద సంతకం పెట్టాడు.

సాయంత్రం జోగారావు ఆశ్రమానికి వచ్చి, "ఉద్యోగం వచ్చిందమ్మా ఆమెకి. చిత్రం, ఏమీ చెయ్యలేదు. ఊపు దానంతటదే పోయింది," అన్నాడు.

పేరమాంబ గారు మాల కడుతున్నారు. తలెత్తకుండానే అన్నారు:

"ఏమీ చెయ్యలేదా? మరి, చక్రం వదిలేసిందా?"