కొంగలగుట్ట పచ్చరాయి

పూర్వం కొండల నడుమ చిన్న రాజ్యం ఒకటుండేది. దాన్నేలే నరేంద్రవర్మకు ఆర్భాటం ఎక్కువ. ఆయన కొలువులోని లోహపండితుడు ధరణీధర శాస్త్రికి ఇంకా ఎక్కువ.

ఒకనాడు శాస్త్రి కొంగలగుట్ట మీది ఊట పక్కన పచ్చని మరకలున్న బండ చూశాడు. ముక్క కొట్టించి కొలువుకు తెచ్చి, అందరి ముందూ నాకాడు.

"పైన పచ్చదనం, నాలుకకు పులుపు. ఆ గుట్ట కింద రాగి, సీసం, తుత్తునాగం పొరలు పొరలుగా ఉన్నాయి ప్రభూ."

రాజు చాటింపు వేయించాడు. గుట్ట మీది నలభై గుడిసెలూ పున్నమిలోగా ఖాళీ చేయాలి. రాజ్యం బాగు కోసం ఎవరో ఒకరు త్యాగం చేయక తప్పదట. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ గుడిసెల్లోవాళ్ళే ఎందుకవుతారో మాత్రం చాటింపులో లేదు.

రాజుగారి వంటశాలలో రాగి గంగాళాలు తోమే పైడమ్మది ఆ గుట్టే. మర్నాడు ఆమె కొలువుకొచ్చింది.

"పంతులుగారూ, నాకూ ఒక పచ్చరాయి దొరికింది. చూసి పెడతారా?"

"అంట్లు తోమేదానికి రాళ్ళ మీద ధ్యాస దేనికే?" అంటూనే శాస్త్రి నాకాడు. మళ్ళీ నాకాడు. "ప్రభూ, దీని ముందు గుట్ట రాయి ఎందుకూ కొరగాదు. ఇది దొరికిన చోట నూరు నిలువుల లోతు తవ్వాలి."

"పైన ఇళ్ళుంటేనో?" అంది పైడమ్మ.

"పడగొట్టాలి. గుడిసైనా మేడైనా శాస్త్రానికి ఒకటే."

పైడమ్మ రాజువైపు తిరిగింది.

"దొరా, ఇది మన వంటశాల వెనక నేను గంగాళాలు తోమే బండ ముక్క. పక్కనే రాణీగారి అంతఃపురం. పున్నమిలోగా ఖాళీ చేయమని అమ్మగారికి చెప్పేదెవరు? పంతులుగారా, తమరా?"



"మరి ఆ పులుపు?" అన్నాడు రాజు.

"చింతపండుది దొరా. పచ్చదనం రాగి చిలుము. గుట్ట మీద మా ఆడోళ్ళూ ఏడు తరాలుగా ఆ ఊట పక్క బండ మీదే రాగి బిందెలు తోముకుంటున్నారు."

శాస్త్రి నాలుకను ఉత్తరీయంతో తుడుచుకున్నాడు. అది చూసి రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"శాస్త్రిగారూ, ఒక నెల పైడమ్మ దగ్గర గంగాళాలు తోమండి. చదువు పూర్తవుతుంది. పైడమ్మా, నీకేం కావాలి?"

"గుట్ట మాదేనని రాసివ్వండి దొరా. నోటిమాట వద్దు, రాగి రేకు మీద."

సాయంత్రం ఆమె రేకుతో గుట్టెక్కేసరికి జనం మూటలు కట్టుకుని కూర్చున్నారు. చదవడం ఒక్కరికీ రాదు. చేతులు మార్చుకుంటూ అక్షరాలను వేళ్ళతో తడిమి చూశారు. తర్వాత మూటలు విప్పి పొయ్యిలు వెలిగించారు.