చెయ్యి చాచిన పిల్ల

మీ ఊరి కూడలిలో చెయ్యి చాచి నిలబడ్డ విగ్రహాన్ని, ఆ చెయ్యి ఎందుకు చాచావని ఎప్పుడైనా అడిగారా?

తెనాలిలో విగ్రహాలు చేసే కామాచారి గారి శిష్యురాలు హిమజ కూడా అడగలేదు. ఆమె అడిగింది గురువును. "గురువుగారూ, విగ్రహం ఫొటోలో ఉన్నట్టుండాలా, జనం మనసులో ఉన్నట్టుండాలా?"

కామాచారి గారు ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి కారు. మట్టిమీద కప్పే తడిగుడ్డ పిండుతూ, "రేపు విగ్రహం కమిటీ వాళ్లొస్తారుగా, చూద్దాం" అన్నారు.

హిమజకది తొలి విగ్రహం. కమిటీకి నచ్చకపోతే మళ్లీ మట్టిముద్దే. చేస్తున్నది ఒక పాత ఫొటోలోని పిల్లను. ఆ ఫొటో ఎరగనివారు లేరు. యుద్ధం గెలిచి వస్తున్న జవాన్ల రైలు. కిటికీలోంచి నవ్వుతూ చెయ్యూపుతున్న ఒక జవాను. ప్లాట్‌ఫారం మీద అతని వైపు చెయ్యి చాచి, నోరంతా తెరిచి పరుగెత్తుతున్న పిల్ల. పత్రికవాళ్లు దానికి 'విజయహారతి' అని పేరు పెట్టారు. క్యాలెండర్లకెక్కింది. ఏటా బడిపిల్లలు అదే ప్లాట్‌ఫారం మీద ఆ పరుగు పరుగెత్తి చూపిస్తారు, పెద్దలు చప్పట్లు కొడతారు. ఇప్పుడిక స్టేషన్ ఎదుట విగ్రహం. పిల్ల నవ్వుతుండాలనీ, చేతిలో పూలుండాలనీ కమిటీ ఆజ్ఞ. ఫొటోలో పూలూ లేవు, నవ్వూ లేదు. అది హిమజకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అయినా రెండూ పెట్టింది.

మర్నాడు కమిటీ ప్రెసిడెంటు తన వాళ్లతో దిగాడు. శాలువా కప్పిన ఒక ముసలావిడను వెంట తెచ్చాడు. ఫొటోలో పిల్ల ఆవిడే, పేరు పేరంటాలు.

ఆవిడ మట్టిబొమ్మ చుట్టూ తిరిగి చూసి, "ఎవరమ్మా ఈ పిల్ల?" అంది.

"మీరే మామ్మగారూ," అంది హిమజ.

"నేనా? ఎందుకు నవ్వుతున్నా?"

"దేశభక్తితోనండీ," అన్నాడు ప్రెసిడెంటు.

"దేశభక్తి ఉండబట్టే నాయనా, ఆ జవాను దాహమంటే చెంబుతో నీళ్లిచ్చా. తాగేలోపు రైలు కదిలింది. చెంబు మా అమ్మది. చెంబివ్వరా అని అరుస్తూ పరిగెత్తా. వాడు నాకు టాటా చెప్పాడు. ఫొటోలో వాడి రెండో చెయ్యి కనపడదు చూడు, చెంబు దాన్లో ఉంది."

"ఆ ఫొటో చూసి దేశమంతా కళ్లనీళ్లు పెట్టుకుంది మామ్మగారూ."

"నేనూ పెట్టుకున్నా. ఇంటికెళ్లాక మా అమ్మ నా వీపు విమానం మోత మోగించింది."

హిమజ నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకుంది. అక్కడ గోడకు ఆ ఫొటోయే ఉంది. ఇన్నాళ్లూ జేజేలు పలికినట్టున్న నోరు ఇప్పుడు చెంబు, చెంబు అంటోంది. ఆమె తిన్నగా వెళ్లి మట్టిపిల్ల చేతిలో పూలు పీకేసింది. బొటనవేలితో నవ్వు చెరిపి, నోరు తెరవసాగింది.

ప్రెసిడెంటు గబగబా అడ్డొచ్చాడు. "ఆచారిగారూ, ఆవిష్కరణకి మంత్రిగారొస్తున్నారు. ఆయన మొహం మీద ఇలా అరుస్తుంటే ఏం బాగుంటుంది? పిల్ల నవ్వి తీరాలి. కాదంటే ఇంకో శిల్పిని చూసుకుంటాం."

హిమజ వేళ్లు ఆగిపోయాయి. గురువు వైపు చూసింది.

కామాచారి గారు తడిగుడ్డ భుజాన వేసుకుని, "నవ్విద్దాం, దానికేముంది" అన్నారు. "ముందు మీరంతా వెళ్లి ఆవిడ చెంబు ఆవిడకి తెచ్చివ్వండి."