చెరువు కనపడని చోటు

దర్జీ ఓబులేసు వారం నుంచి ముఖం ముడుచుకుని తిరుగుతున్నాడు. మిషను ముందు కూర్చుంటే సూదులు విరుగుతున్నాయి, ఇంట్లో ఎవరు పలకరించినా విసుక్కుంటున్నాడు. చివరికి ఒక సాయంత్రం అంగడి మూసి, చెరువుగట్టు మీది గుడిసెకు పోయి, తన గురువు జిలానీ సాహెబ్ ముందు కూర్చుని మనసులో ఉన్నది బయటపెట్టాడు.

"నేను నిలబడే చోటు నుంచి చెరువే కనపడదు సామీ."

జిలానీ సాహెబ్ ముసలి ఫకీరు. ఆయన తన గ్లాసులోని టీ సగం శిష్యుడికి వంపి, ఇంకా చెప్పమన్నట్టు చూశాడు.

చెప్పుకోవడానికి చాలా ఉంది. ఒకప్పుడు ఆ చెరువు ఈ కొస నుంచి ఆ కొస దాకా గుర్రపుడెక్కతో నిండిపోయి ఉండేది. ఊరికి కొత్తవాళ్ళు పచ్చిక అనుకుని కాలుపెట్టి మొలలోతు మునిగేవాళ్ళు. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుందామని సాహెబ్ దిగితే దోసిట్లోకి నీళ్ళు రాలేదు, ఆకులొచ్చాయి. ఆయన వాటిని పీకి గట్టున వేశాడు. మర్నాటికి గాలి ఆ జాగాను మళ్ళీ మూసేసింది. మళ్ళీ పీకాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఓబులేసు, అంగడి నడవడంలేదనీ అన్నదమ్ములు మాట్లాడడంలేదనీ చెప్పుకుని ఏడవడానికి ఆయన దగ్గరికి వచ్చాడు. సాహెబ్ నీళ్ళు కారుతున్న డెక్క మోపు అతని చేతుల్లో పెట్టి, గడ్డం ఎగరేసి గట్టు చూపించాడు. ఓబులేసు ఏడుపు మర్చిపోయి మోశాడు. అలా ఆ ఇద్దరితో మొదలైంది.

మొదట్లో ఊరంతా నవ్వింది. నవ్వడానికి వచ్చిన సోడాల మౌలాలి ఒకనాడు ఏమనుకున్నాడో లుంగీ ఎగ్గట్టి నీళ్ళలో దిగాడు. అతని వెనక బడి పంతులు, ఆ వెనక పాలకేంద్రం ఆడవాళ్ళు దిగారు. ఆదివారం ఆదివారానికీ జనం పెరిగారు. ఆదివారం గుంపు కాస్తా చెరువు స్నేహ సంఘమైంది, బోర్డు లేచింది. పక్క ఊళ్ళవాళ్ళు వచ్చి పని నేర్చుకుని పోయి, తమ చెరువుల్లో దిగారు.

సంఘంలో సాహెబ్ పెట్టిన పద్ధతి ఒకటి ఉంది. నీళ్ళ దగ్గర్నుంచి వరసగా నిలబడి డెక్క గంపలు చేతులు మార్చుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళకు నీళ్ళలోనే చోటు. పాతవాళ్ళంతా ఒక్కో అడుగు వెనక్కి జరగాలి. వరస పెరిగినకొద్దీ దాని కొసన పోసే కుప్ప కూడా గట్టు దిగి, రోడ్డు దాటి, చెనిక్కాయ చేల దాకా పోయింది. రైతులు దాన్ని అక్కణ్ణుంచే ఎరువుకు తోలుకుంటారు. అలా ఏటేటా జరిగి జరిగి ఓబులేసు రోడ్డు పక్కనున్న చింతమాను అవతల తేలాడు.

ఇప్పుడేమో ఈ ఆదివారం ఒక పత్రిక నుంచి విలేఖరి అమ్మాయి వస్తోంది. సంఘం ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, అంతా రాసి ఫోటో వేస్తుందట. ఫోటో తీసేది నీళ్ళ దగ్గరే కదా. అక్కడుండేది మొన్న చేరిన ఆర్టీసీ కండక్టరు రవణమ్మ. మొదటి మోపు మోసినవాడు మాత్రం ఎవరికీ కనపడకుండా చింతమాను చాటున ఉంటాడు.

"మొదటోణ్ణి సామీ నేను. నన్ను మొదట నిలబెట్టు."

సాహెబ్ సరేనన్నాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఓబులేసు అనుకోలేదు.

ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. సాహెబ్ అందరినీ గట్టు మీద కూర్చోమని, ఈ పూట పని మొదటివాళ్ళదేననీ, ఓబులేసు పిలిస్తే తప్ప ఎవరూ లేవొద్దనీ చెప్పాడు. పాలకేంద్రం ఆడవాళ్ళు ఉడకబెట్టిన చెనిక్కాయలు పంచారు. జనం, వాళ్ళతోపాటు విలేఖరి అమ్మాయీ, ఒలుచుకు తింటూ సినిమాకు వచ్చినట్టు కూర్చున్నారు.

ఓబులేసు మోకాలిలోతు దిగాడు. అతను పీకి గంప నింపి ఇస్తే, గట్టు అంచున నిలబడిన సాహెబ్ అందుకుని పక్కనే కుమ్మరించాడు. కాసేపు హుషారుగానే సాగింది. ఎండ ఎక్కేసరికి నడుము పట్టేసింది, ఇస్త్రీ చొక్కా బురదైపోయింది. గట్టున కుప్ప లేచింది. దాని అంచు నుంచి ఒక మొక్క జారి, నీళ్ళలో పడి, తేలుకుంటూ వచ్చి అతని మోకాలికి తగిలింది.

ఓబులేసు దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. ఇందాక తను పీకిందే. అప్పుడు మొదటి ఏడాది గుర్తొచ్చింది. వేసవంతా ఇద్దరూ పీకి పోసిన కుప్ప ఒక్క వానకు చెరువులోకి దిగిపోతుంటే, తడుస్తూ నిలబడి చూశారు.

"ఇక్కడే పోస్తే వానకు మళ్లా చెరువులోకే పోతాది సామీ."

"పోతాది," అన్నాడు సాహెబ్, తర్వాతి గంప కోసం చేతులు చాపుతూ. "ఇద్దరమే కదప్పా, ఇంతకంటే దూరం అందదు."

ఓబులేసు తలెత్తి గట్టు వైపు చూశాడు. వరసలో ఉన్నప్పుడు ముందున్న ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ అతనికి కనపడరు. ఇప్పుడు అందరూ కనపడుతున్నారు. మౌలాలి, పంతులు, పేర్లు తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు, గట్టు పొడుగునా జనమే. అతనికి పట్టరానంత సంతోషం వేసింది.

లేవండప్పా అని కేకేశాడు. గంప రవణమ్మకు ఇచ్చి గట్టెక్కాడు. వరస కడుతున్న జనం పక్కనుంచి బురదకాళ్ళతో నడిచి, రోడ్డు దాటి, చింతమాను దాటి తన చోట నిలబడ్డాడు. తన వెనక ఇంకొక చోటు ఖాళీగా ఉంది. కాసేపటికి సాహెబ్ కర్ర పొడుచుకుంటూ తీరిగ్గా వచ్చి, ఎప్పట్లాగే అక్కడ నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ ఆయన తనకంటే వెనకే ఉన్నాడని ఓబులేసుకు అప్పుడు తట్టింది.

గంపలు కదిలాయి. విలేఖరి అమ్మాయి వరస వెంబడే అందరితో మాట్లాడుకుంటూ చివరికి వాళ్ళ దగ్గరికి చేరింది. మొదలుపెట్టింది మీరిద్దరేనట కదా, సంఘం ఇప్పుడు ఎంత పెద్దదైందో చెప్పమంది.

ఓబులేసు సాహెబ్ వైపు చూశాడు. ఆయన గడ్డం ఎగరేసి, నువ్వే చెప్పమన్నాడు.

ఓబులేసు ముందునుంచి వచ్చిన గంప అందుకుని గురువు చేతిలో పెట్టాడు. ముఖమంతా నవ్వు పరుచుకుంది.

"ఇక్కణ్ణుంచి చెరువు కనపడదమ్మా," అన్నాడు.