పారమ్మ ఒక్క దంపు

వెనకటికి, మా తాతల తాతలకి కూడా ఊహ తెలియని రోజుల్లో, వాగు ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో పారమ్మ అని ఒక ముసలమ్మ. ఇల్లిల్లూ తిరిగి వడ్లు దంచడం ఆమె పని.

ఒక్క దంపుకి ఊక పోయేది. బియ్యం ఎర్రగా మిగిలేది. ఊరంతా అదే తినేది, అరుగుదలకి కొండలెక్కేది.

ఒక ఏడు ఊరిపెద్ద నాయుడుగారి భార్య మంగాయమ్మ పట్నం పోయి తెల్లన్నం తిని వచ్చింది. మల్లెమొగ్గల్లాంటి మెతుకులు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో మూడు దంపులు. ఆ ఇంటిని చూసి ఊరంతా మూడు దంపులు.

"సత్తువంతా తవుడులో పోతంది తల్లీ," అని పారమ్మ చెప్పింది. ఎవరూ వినలేదు. నెత్తి కొట్టుకుని దంచింది.

మూడో దంపుకి గింజ విరిగి నూకైపోయేది. ఎంత పండినా బియ్యం చాలేది కాదు. ఆవులు మేసే బీడు దున్ని వరి వేశారు. దానికి నీళ్ళు చాలక వాగుకి కట్ట కట్టారు. కట్ట కింద ఇసుకే మిగిలింది. ఒక్క దంపుతో ఆపితే ఈ గోలంతా ఉండదని పారమ్మ ఇంటింటా చెప్పింది. నవ్వారు. నెత్తి కొట్టుకుని దంచింది.

తర్వాత కాళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. ముందు నాయుడుగారికి, తర్వాత మంగాయమ్మకి, ఆపైన ఊరందరికీ. వైద్యుడు కషాయం పోశాడు. తగ్గలేదు. అమ్మోరికి కోళ్ళు కోశారు. తగ్గలేదు. చివరికి అందరి కళ్ళూ పారమ్మ మీద పడ్డాయి. ఊరు పారేసిన తవుడు రొట్టె కాల్చుకు తినే ముసల్ది ఒక్కతే ఎలా తిరుగుతోంది? దంచేటప్పుడు ఏదో గొణుగుతుంది కదా? అవి మంత్రాలేనన్నారు. ఊళ్ళోంచి వెళ్ళగొట్టారు.

పారమ్మ వాగవతల తమ్ముడి పంచన చేరింది. మూడు నెలలకి కబురొచ్చింది. ఊరు కోలుకుందట. ముసల్దాని పీడ విరగడైందని పండగ చేసుకున్నారట. పారమ్మకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నెత్తి కొట్టుకుంది. దంచడానికి వడ్లు కూడా లేవు.

మర్నాడు మంగాయమ్మ ఒక్కతే నడిచొచ్చి అరచేతులు చూపించింది. నిండా కాయలు కాసి ఉన్నాయి.

"నువ్వు పోయాక నేనే దంచుకున్నాను పారమ్మా. బొబ్బలెక్కి ఒక్క దంపుతో ఆపేశాను. ఇంటింటా అదే గతి. ఊరు నీ పీడ పోయిందంటోంది. ఏం జరిగిందో నా చేతులకి తెలుసు."

పారమ్మ ఆ కాయల్ని వేలితో తడిమి చూసింది.

"నోరు పడిపోయేలా చెప్పాను కదమ్మా. బొబ్బలు చెబితేగాని వినపడనేదా?"

తిడుతూనే లేచింది. తిడుతూనే వాగు దాటింది. మంగాయమ్మ గడపగడపకీ నిలబడి నిజం చెప్పింది. కొన్నాళ్ళకి బీడు ఆవులకి వదిలేశారు, కట్ట తీసేశారు. పారమ్మ బతికినన్నాళ్ళూ ఒక్క దంపే దంచింది. రెండోది అడిగితే రోకలి వాళ్ళ చేతికిచ్చి వెళ్ళిపోయేది.

నేటికీ ఆ ఊరివాళ్ళు మిల్లులో "పారమ్మ బియ్యం" అంటే చాలు, మిల్లువాడు ఒక్క పట్టుతో ఆపేస్తాడు. ఎవరి కాలైనా తిమ్మిరెక్కితే అయ్యో అనేవాళ్ళుండరు.

"నిన్న ఏటి తిన్నావు? పారమ్మ తిట్టిందా?" అని అడుగుతారు.